ముక్కు మీద చిన్న రంధ్రం, అందులో ఒక వెంట్రుక

ప్రశ్న: మా బాబుకు పద్నాలుగు నెలలు. పుట్టినప్పుడే వాడి ముక్కు దూలం మీద, సరిగ్గా మధ్యలో, గుండుసూది మొనంత చుక్క ఒకటి ఉండేది. మూడు నెలల కిందటి నుంచి ఆ చుక్క కింద కందిగింజంత గడ్డ చేతికి తగులుతోంది. చుక్కలోంచి ఒకే ఒక వెంట్రుక వస్తోంది. మా అత్తగారు రెండుసార్లు పీకేశారు, మళ్లీ వచ్చింది. పోయిన నెలలో అక్కడ ఎర్రగా వాచి, చీముతో పాటు జున్నుముక్కల్లాంటి తెల్లటి పదార్థం బయటికి వచ్చింది. మా ఊరి ఆరెంపీ డాక్టర్ ఇచ్చిన సిరప్‌తో వాపు తగ్గింది. మళ్లీ వాస్తే చిన్న గాటు పెట్టి పిండేస్తానని ఆయన అంటున్నారు. ఒంగోలులో చర్మవ్యాధుల డాక్టర్‌కు చూపిస్తే ఎమ్మారై తీయించమన్నారు. మా ఆడపడుచు కొడుక్కి కనుబొమ్మ చివర ఇలాంటి గడ్డే ఉంటే వాళ్లకు ఎమ్మారై ఏమీ రాయలేదు. మరి మావాడికి ఇంత చిన్నదానికి మత్తు ఇచ్చి స్కాన్ ఎందుకు? గ్రహణం రోజున నేను కూరగాయలు తరిగినందుకే ఇలా వచ్చిందని ఇంట్లో అంటున్నారు, నిజమేనా? వచ్చే నెల తిరుపతిలో పుట్టువెంట్రుకలు తీయించాలనుకున్నాం, తీయించవచ్చా?
– ఒక తల్లి, ప్రకాశం జిల్లా

సమాధానం: అమ్మా, వివరాల్లోకి వెళ్లే ముందు ఒక సంగతి చెప్పాలి. ఆ గడ్డకు ఎవరి చేతా గాటు పెట్టించకండి, సూదితో గుచ్చనివ్వకండి, మీరు పిండకండి, ఆ వెంట్రుకను ఇంకోసారి పీకనివ్వకండి. ఒంగోలు డాక్టర్ ఎమ్మారై రాయడం నూటికి నూరుపాళ్లు సరైన పని. గడ్డ కందిగింజంతే కదా అని మీకు అనిపించడం సహజమే. అయితే ఇలాంటి గడ్డల విషయంలో చూడవలసింది పరిమాణం కాదు, అది ఉన్న చోటు.

బిడ్డను చూడకుండా ఉత్తరం చదివి రోగం పేరు ఖాయం చేయకూడదు. అయినా మీరు రాసిన మూడు విషయాలు, అంటే ముక్కు నడిమధ్యన ఉండటం, పుట్టుకతోనే కనిపించడం, రంధ్రంలోంచి వెంట్రుక రావడం, ఒకేచోట కలిసినప్పుడు మేము మొట్టమొదట అనుమానించేది ‘నేసల్ డెర్మాయిడ్ సైనస్ సిస్ట్’ అనే పుట్టుకతో వచ్చే తిత్తిని. ఇది అరుదైనది. సుమారు 20,000 నుంచి 40,000 జననాల్లో ఒకరికి వస్తుందని వైద్యగ్రంథాలు చెబుతాయి. అందువల్ల దీన్ని ఎన్నడూ చూడని వైద్యులు చాలామందే ఉంటారు, మీ ఊరి ఆరెంపీ గారు దీన్ని మామూలు సెగ్గడ్డ అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. మీరు చెప్పిన గుర్తుల్లో అన్నిటికంటే విలువైనది ఆ ఒక్క వెంట్రుక. ఈ తిత్తి ఉన్న పిల్లలందరిలోనూ అది కనిపించదు, సగం కంటే తక్కువ మందిలోనే కనిపిస్తుంది. కానీ కనిపించినప్పుడు మాత్రం అది దాదాపు రోగం పేరు రాసిన చీటీ లాంటిది. ముక్కు దూలం మీద పసిపిల్లలకు మెత్తని నూగు తప్ప, ఒక రంధ్రంలోంచి ఒంటరిగా పొడుచుకువచ్చే నల్లటి వెంట్రుక మామూలుగా ఉండదు. మొటిమకు, సెగ్గడ్డకు, పాలపొక్కుకు అలాంటిది రాదు.

ఆ వెంట్రుకను గమనించడం ఎంత కష్టమో నాకు అనుభవం. ఒకసారి తల్లి ఒడిలో నిద్రపోతున్న ఒక పాపను చూస్తున్నప్పుడు, ఎదురుగా నిలబడి చూస్తే ముక్కు మీద చుక్క తప్ప ఏమీ కనిపించలేదు. కిటికీ మూసి, టార్చిలైటును చెంప పక్కనుంచి ఏటవాలుగా వేస్తే, కనురెప్ప వెంట్రుకంత సన్నగా, అంత పొట్టిగా ఒకటి నీడతో సహా లేచి కనిపించింది. అంతకుముందు మూడుచోట్ల ఆ పాపకు మొటిమల మందు రాశారు. అంచేత మీ అత్తగారు దాన్ని గమనించారంటే చూపు చురుకైనదే. పీకడం ఒక్కటే చేయకుండా ఉండవలసింది, ఎందుకంటే వెంట్రుకను లాగినప్పుడు దాని దారి గాయపడి, చర్మం మీద ఎప్పుడూ ఉండే క్రిములు లోపలికి చేరే వీలుంటుంది. పోయిన నెల చీము పట్టడానికి అదే కారణమని నేను చెప్పలేను, పీకకపోయినా ఇవి చీము పడుతూనే ఉంటాయి. కాబట్టి ఆమెను నొప్పించే మాట అనకండి.

ఈ తిత్తి ఎలా ఏర్పడుతుందో తెలిస్తే ఎమ్మారై ఎందుకో మీకు నేను చెప్పకుండానే అర్థమవుతుంది. కడుపులో శిశువు ముఖం రూపుదిద్దుకునే తొలి మాసాల్లో, మెదడును కప్పి ఉంచే పొర ఒకటి సన్నటి వేలిలాగా ముందుకు సాగి, పుర్రె అడుగున ఉండే చిన్న రంధ్రం గుండా దిగి, ముక్కు చర్మాన్ని లోపలివైపు నుంచి తాకుతుంది. ఇది ప్రతి శిశువులోనూ జరిగేదే. ఆ తర్వాత ఆ వేలు చర్మాన్ని వదిలి వెనక్కి వెళ్లిపోతుంది, రంధ్రం మూసుకుపోతుంది. ఎక్కడో ఒక శిశువులో మాత్రం అది వెనక్కి వెళ్లేటప్పుడు చర్మపు కణాలను కాసిన్నింటిని అంటించుకుని తనతో లోపలికి లాక్కుపోతుంది. అలా లోపల చిక్కుకున్న చర్మం తన స్వభావాన్ని మానుకోదు. బయటి చర్మం ఏయే పనులు చేస్తుందో అవన్నీ అదీ చేస్తుంది, వెంట్రుకలు మొలిపిస్తుంది, జిడ్డు ఊరిస్తుంది, పాతబడిన పొరలను రాల్చుకుంటుంది. బయట అయితే ఆ రాలినదంతా స్నానంలో కొట్టుకుపోతుంది. లోపల పోయే దారి లేక పేరుకుపోయి గడ్డవుతుంది. మీరు చూసిన జున్నుముక్కలు అవే, చర్మపు పొరలూ జిడ్డూ కలిసిన ముద్ద. మొత్తమంతా చీము కాదన్నమాట.

ఇప్పుడు అసలు ప్రశ్న. లోపలికి లాక్కుపోయిన ఆ చర్మం ఎంతవరకు వెళ్లి ఆగింది? కొందరిలో చర్మం కిందే ఆగిపోతుంది. కొందరిలో ముక్కు ఎముకల కిందికి, మృదులాస్థిలోకి దిగుతుంది. మరికొందరిలో సన్నటి దారంలా పైకి పాకి, ఇందాక చెప్పిన రంధ్రం గుండా పుర్రెలోకి చేరి మెదడు పొరను తాకుతూ ఉంటుంది. ఇలా పుర్రెలోకి చేరినవారి శాతం ఒక్కో ఆసుపత్రి లెక్కలో ఒక్కో రకంగా ఉంది కాబట్టి ఒకే అంకె చెప్పడం సరికాదు గానీ, పక్కన పెట్టేయగలిగినంత అరుదు మాత్రం కాదు. పైనుంచి చూస్తే ఈ ముగ్గురు పిల్లల ముక్కు మీదా ఒకే చుక్క, ఒకే కందిగింజ కనిపిస్తాయి. ఎంత అనుభవమున్న డాక్టరైనా వేలితో తడిమి ఎవరిది ఎంత లోతుకు వెళ్లిందో చెప్పలేరు.

తిత్తి లోతుగా వెళ్లిన బిడ్డ ముక్కు మీద గాటు పెడితే ఏమవుతుందో ఆలోచించండి. బయటి క్రిములకు మెదడు పొర దాకా దారి తీసినట్టవుతుంది. మెదడు పొరలకు చీము పట్టే మెనింజైటిస్, మెదడులో చీముగడ్డ, ముఖం ఎముకలకు చీము పట్టడం వంటి ప్రమాదాలు ఈ తిత్తులకు సంబంధించి వైద్యులకు తెలిసినవే. అంత ప్రమాదం జరగకపోయినా, గాటు పెట్టి పిండడం వల్ల తిత్తి పోదు. లోపలి సంచి గోడ అలాగే ఉంటుంది, మళ్లీ నిండుతుంది. ఈలోగా ఏర్పడిన మచ్చ కణజాలం సంచికి అంటుకుపోయి, తర్వాత చేసే అసలు ఆపరేషన్‌ను కష్టం చేస్తుంది. స్కాన్‌కు ముందు సూది పరీక్ష కూడా వద్దనడానికి ఇదే కారణం. అంతకంటే బలమైన కారణం ఇంకొకటి ఉంది. ముక్కు నడిమధ్య పుట్టుకతో వచ్చే గడ్డలన్నీ డెర్మాయిడ్‌లు కావు.

అక్కడ మేము తేడా తేల్చుకోవలసినవి ముఖ్యంగా మూడు. ఒకటి మనం మాట్లాడుకుంటున్న డెర్మాయిడ్. రెండోది ఎన్‌సెఫలోసీల్, అంటే పుర్రెలో మిగిలిపోయిన కంత గుండా మెదడు పొరలు, ఒక్కోసారి మెదడు కణజాలమే, బయటికి ఉబ్బడం. మూడోది నేసల్ గ్లయోమా. పేరు చూసి భయపడే రకం ఇది, కానీ క్యాన్సర్ కాదు, మెదడుతో సంబంధం తెగిపోయి ముక్కు దగ్గర ఉండిపోయిన మెదడు కణజాలపు ముద్ద. వీటిలో ఎన్‌సెఫలోసీల్ మెత్తగా, కొంచెం నీలంగా ఉంటుంది, నొక్కితే అణగుతుంది, వెనకనుంచి లైటు వేస్తే వెలుగు కనిపిస్తుంది, బిడ్డ ఏడ్చినప్పుడు ఉబ్బుతుంది. గ్లయోమా గట్టిగా, ఎర్రగా ఉండి ఏడ్చినా ఉబ్బదు. డెర్మాయిడ్ కూడా ఏడుపుకు ఉబ్బదు, లైటు వేస్తే వెలగదు. మామూలుగా పసివాడు ఏడిస్తే వెంటనే ఊరుకోబెడతాం గానీ, ఈ పరీక్షలో మాత్రం ఆ ఏడుపు మాకు కావాలి. వాడు గుక్కపెట్టి ఏడుస్తున్నంతసేపూ కళ్లు ఆ గడ్డ మీదే పెట్టి చూస్తాం. మీరు ఇంట్లోనే ఈ పని చేయగలరు. బాబు తనంతట తాను ఏడ్చినప్పుడు పక్కనుంచి ముక్కు స్పష్టంగా కనిపించేలా ఫోన్‌లో ఒక చిన్న వీడియో తీసి ఉంచండి. డాక్టర్ దగ్గరికి వెళ్లిన రోజున వాడు ఏడవకపోతే అది ఎంతో ఉపయోగపడుతుంది. వాడిని ఏడిపించడం కోసం గడ్డను నొక్కవద్దు.

బిడ్డ ఏడుపు చూసి, లైటు వేసి చూసి ఒక అంచనాకు రావచ్చు, కానీ ఆపరేషన్ ఆ అంచనా మీద చేయరు. అందుకే స్కాన్. ఎమ్మారై మెత్తటి కణజాలాలను బాగా చూపిస్తుంది. తిత్తి ఎంత ఉంది, దాని తోక ఎటు పాకింది, మెదడు పొరను తాకిందా, ఆ గడ్డలో ఉన్నది జిడ్డా, నీరా, మెదడు కణజాలమా అన్నవి తెలుస్తాయి. అందులో ఎక్స్‌రే కిరణాలు ఉండవు, అయస్కాంతం శక్తితో పనిచేస్తుంది. సీటీ స్కాన్ ఎముకలను బాగా చూపిస్తుంది, అయితే రేడియేషన్ ఉంటుంది. ఎముకల విషయంలో మేము వెతికేది రెండు చోట్ల. పుర్రె అడుగున ముందువైపు కోడిపుంజు తురాయి ఆకారంలో ఒక చిన్న ఎముక నిలబడి ఉంటుంది. దాని పేరు ‘క్రిస్టా గాల్లీ’, లాటిన్‌లో ఆ మాటకు అర్థం కూడా కోడి తురాయే. దానికి సరిగ్గా ముందు ఉండేదే నేను ఇందాకటి నుంచి చెబుతున్న రంధ్రం, పేరు ‘ఫోరామెన్ సీకం’, అంటే గుడ్డి రంధ్రం. తురాయి రెండుగా చీలి, గుడ్డి రంధ్రం వెడల్పుగా ఉంటే తిత్తి పుర్రెలోకి వెళ్లి ఉండవచ్చని అనుమానం. అది అనుమానం మాత్రమే, రుజువు కాదు. రెండూ మామూలుగా ఉంటే మాత్రం లోపలికి వెళ్లే అవకాశం చాలా తక్కువని ధైర్యంగా చెప్పవచ్చు.

ఇక్కడ పసిపిల్లల విషయంలో ఒక చిక్కు ఉంది, మీ బాబు వయసుకు ఇది నేరుగా వర్తిస్తుంది కాబట్టి చెబుతున్నాను. పుట్టిన బిడ్డలో ఆ కోడి తురాయి ఇంకా ఎముకగా గట్టిపడి ఉండదు, మృదులాస్థిగానే ఉంటుంది. అది పూర్తిగా ఎముక అయ్యేసరికి బిడ్డకు ఏడాది దాటుతుంది, కొందరిలో రెండేళ్లు కూడా పడుతుంది. మృదులాస్థి సీటీలో ఎముకలా తెల్లగా కనిపించదు కాబట్టి, అక్కడ ఏమీ లోపం లేకపోయినా ఖాళీ ఉన్నట్టు కనిపించి, తెలియనివారు దాన్ని పుర్రెలో కంత అని చదివే ప్రమాదం ఉంది. అందువల్ల ఈ వయసులో ఎమ్మారైకే పెద్దపీట వేస్తారు. అవసరమైతే ఎముకల కోసం ముక్కు భాగానికి పరిమితమైన సీటీ తర్వాత తీస్తారు. పిల్లల స్కాన్‌లు తరచుగా చూసే రేడియాలజిస్టు ఉన్నచోట తీయించడం మంచిది. స్కాన్ రాసే చీటీ మీద ‘ముక్కు మధ్యలో పుట్టుకతో రంధ్రం, వెంట్రుక ఉంది, పుర్రెలోకి దారి ఉందేమో చూడాలి’ అన్న సంగతి స్పష్టంగా రాయించుకోండి. ఉత్త ‘ముక్కు గడ్డ’ అని రాస్తే, స్కాన్‌లో పొరలు పొరలుగా తీసే చిత్రాలను మందమైన పొరలుగా తీయవచ్చు, సన్నటి దారం వాటి మధ్యలో తప్పిపోవచ్చు.

మత్తు గురించి మీ భయం నాకు తెలుసు. ఎమ్మారై గొట్టంలో అరగంటకు అటూ ఇటుగా కదలకుండా పడుకోవాలి, లోపల పెద్ద చప్పుడు వస్తుంది, పద్నాలుగు నెలల బిడ్డ మెలకువతో అలా ఉండలేడు. మత్తు డాక్టర్ పక్కనే ఉండి, గుండె, శ్వాస, ఆక్సిజన్ చూసుకుంటూ ఇస్తారు. మీరు చేయవలసింది ఆయన చెప్పినన్ని గంటలు బిడ్డ కడుపు ఖాళీగా ఉంచడం. తల్లిపాలకు ఒక లెక్క, డబ్బా పాలకూ అన్నానికీ ఇంకో లెక్క ఉంటుంది కాబట్టి విడివిడిగా అడిగి రాసుకోండి. ఏడుస్తున్నాడని తాతమ్మో అమ్మమ్మో ఒక బిస్కెట్ ముక్క పెట్టినా ఆ రోజు స్కాన్ ఆపేయవలసి వస్తుంది. జలుబు, దగ్గు, జ్వరం ఉంటే ముందే చెప్పండి, వాయిదా వేస్తారు.

ఇక మీ ఆడపడుచు కొడుకు సంగతి. ఇద్దరు పిల్లలవీ డెర్మాయిడ్‌లే అయి ఉండవచ్చు. తిత్తి లోపల చూస్తే అదే చర్మం, అదే జిడ్డు, అవే వెంట్రుకలు. కానీ కనుబొమ్మ బయటి కొసన వచ్చేది డెర్మాయిడ్‌లలో అన్నిటికంటే తరచుగా కనిపించే రకం. పుర్రె ఎముకలు రెండు కలిసే అతుకు దగ్గర చర్మపు కణాలు చిక్కుకోవడం వల్ల వస్తుంది. దానికి పైన రంధ్రం ఉండదు, చర్మం దానిమీద జారుతుంది, గడ్డ మాత్రం కింద ఎముకకు అంటుకుని ఉంటుంది. అది పుర్రెలోకి వెళ్లడం చాలా అరుదు. అంచులు చేతికి స్పష్టంగా దొరికితే చాలామంది సర్జన్లు అల్ట్రాసౌండ్‌తోనో, అదీ లేకుండానో ఆపరేషన్‌కు వెళ్తారు. కాబట్టి ఆ బాబు డాక్టర్ తప్పు చేయలేదు, మీ బాబు డాక్టర్ అతి చేయలేదు. అంగుళం దూరంలో ఉన్న రెండు గడ్డలకు రెండు రకాల పరీక్షలు, అంతే. ముఖం మధ్యగీత మీద, తల మధ్యగీత మీద, వీపు మధ్యగీత మీద పుట్టుకతో ఉన్న గడ్డను, రంధ్రాన్ని స్కాన్ లేకుండా ముట్టుకోకూడదన్నది మాకు విద్యార్థి దశలోనే గట్టిగా నూరిపోసే విషయం.

పుట్టుకతో వచ్చే తిత్తులన్నిటికీ ఇలా చోటును బట్టే మొదటి అనుమానం మొదలవుతుంది. మెడ మధ్యలో ఉండి మింగినప్పుడూ, నాలుక బయటికి చాపినప్పుడూ పైకి కదిలే గడ్డ థైరాయిడ్ కిందికి దిగిన దారిలో మిగిలిన తిత్తి. దాన్ని తీసే ముందు అసలు థైరాయిడ్ గ్రంథి దాని చోటులో ఉందో లేదో అల్ట్రాసౌండ్‌తో చూసుకోవాలి, ఎందుకంటే కొందరిలో ఆ గడ్డలో ఉన్నదే ఉన్న ఒక్క థైరాయిడ్ కావచ్చు. మెడ పక్కన కండరం ముందు అంచున సన్నటి రంధ్రం ఉండి బంకలాంటి నీరు కారితే అది కడుపులో శిశువు మెడకు మొప్పల్లాంటి మడతలు ఉండే తొలి దశ నుంచి మిగిలిన దారి. చెవి ముందు ఉండే చిన్న రంధ్రం మాత్రం మన ఇళ్లలో చాలామందికి ఉంటుంది, చీము పట్టనంతవరకూ దాని జోలికి వెళ్లనక్కర్లేదు. గొంతు కింద, రెండు కాలర్ ఎముకల మధ్య గుంటలో వచ్చే అరుదైన తిత్తి ఒకటి నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. దాన్ని కోసి మైక్రోస్కోపు కింద పెడితే లోపలి పొర చర్మంలా ఉండదు, ఊపిరితిత్తుల గొట్టాల్లో ఉండే సన్నటి కేశాల పొర కనిపిస్తుంది. ఊపిరితిత్తి ఏర్పడేటప్పుడు తెగి పక్కకు వచ్చి చర్మం కింద చేరిన ముక్క అది. ఆపరేషన్‌కు ముందు దాన్ని సరిగ్గా ఊహించేవారు తక్కువ, చాలాసార్లు బయాప్సీ రిపోర్టు చూశాకే తెలుస్తుంది.

అందుకే మీ బాబుకు కూడా తీసిన తిత్తిని తప్పకుండా బయాప్సీకి పంపమని అడగండి. సంచి గోడలో వెంట్రుకల కుదుళ్లు, నూనె గ్రంథులు, చెమట గ్రంథులు కనిపిస్తే డెర్మాయిడ్ అని ఖాయమవుతుంది. ఇవేవీ లేకుండా ఉత్త పైచర్మపు పొర మాత్రమే ఉంటే ఎపిడెర్మాయిడ్ అంటారు. ఆ కాగితాన్ని పారేయకండి, పదేళ్ల తర్వాత కూడా అవసరం పడవచ్చు.

చికిత్స ఒక్కటే, సంచిని, దాని తోకను, పైనున్న రంధ్రంతో సహా పూర్తిగా తీసివేయడం. మందులతో, పూతలతో కరగదు. తోక ముక్క మిగిలితే మళ్లీ వస్తుంది. స్కాన్‌లో తిత్తి ముక్కులోనే ఆగిందని తేలితే పిల్లల సర్జన్ గానీ, చెవి ముక్కు గొంతు సర్జన్ గానీ, ప్లాస్టిక్ సర్జన్ గానీ చేస్తారు. పుర్రెలోకి వెళ్లిందని తేలితే న్యూరోసర్జన్ కూడా కలిసి చేస్తారు, అది పెద్ద ఆపరేషనే అయినా ముందుగా తెలిసి, సిద్ధపడి చేసేది. ఇది ఈ వారమే చేయించాల్సినంత తొందర కాదు. అలాగని బడికి వెళ్లే వయసు దాకా ఆగుదామనుకోకండి, ఎందుకంటే తిత్తి పెరిగేకొద్దీ ముక్కు ఎముకలను పక్కకు నెట్టి దూలాన్ని వెడల్పు చేస్తుంది, చీము పట్టిన ప్రతిసారీ తీయడం ఇంకా కష్టమవుతుంది. ఖర్చు గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టుకతో వచ్చే లోపాలున్న పిల్లలను పద్దెనిమిదేళ్లు నిండేదాకా పరీక్షించి పెద్దాసుపత్రికి పంపే ఏర్పాటు ఉంది, మీ ఏఎన్ఎంను గానీ ఆశా కార్యకర్తను గానీ అడగండి. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి లాంటి బోధనాసుపత్రిలో పిల్లల సర్జన్, న్యూరోసర్జన్ ఒకే ఆవరణలో దొరుకుతారు. ఆరోగ్య పథకం కింద ఏమేమి వర్తిస్తాయో అక్కడి ఆరోగ్యమిత్ర చెబుతారు.

ఆపరేషన్ అయ్యేదాకా ఆ చుక్కను మామూలు స్నానంతో శుభ్రంగా ఉంచితే చాలు. పసుపు, సున్నం, వేపాకు ముద్ద, ఆయింట్‌మెంట్లు ఏవీ వద్దు. మళ్లీ ఎర్రబడితే అదే రోజు పిల్లల డాక్టర్‌కు చూపించి యాంటీబయాటిక్ మొదలుపెట్టించండి. ఒకవేళ చీము బాగా పట్టి తీయక తప్పని పరిస్థితి వచ్చినా అది సర్జన్ ఉన్న ఆసుపత్రిలో జరగాలి. జ్వరంతో పాటు వాంతులు, మెడ బిగుసుకోవడం, ఎత్తుకున్నా ఊరుకోకుండా కీచుమని ఏడవడం, ఎప్పుడూ లేని మత్తు నిద్ర, మూర్ఛ, కంటి చుట్టూ వాపు, ఆ రంధ్రంలోంచి గానీ ముక్కులోంచి గానీ నీళ్లలా స్వచ్ఛంగా కారడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అర్ధరాత్రయినా సరే పెద్దాసుపత్రికి బయలుదేరండి. ముక్కు మీద తిత్తి ఉందన్న మాట అక్కడి డాక్టర్‌కు మొదటి వాక్యంలోనే చెప్పండి. బిడ్డ జ్వరంతో వచ్చినప్పుడు ముక్కు మీది చుక్కను ఎవరూ పట్టించుకోరు.

గ్రహణం మాట. అమ్మా, మీరు తరిగిన కూరగాయలకూ, మీ బాబు ముక్కుకూ ఏ సంబంధమూ లేదు. సూర్యుడికీ చంద్రుడికీ భూమి అడ్డొచ్చినా, సూర్యుడికి చంద్రుడు అడ్డొచ్చినా కడుపులోని బిడ్డ చర్మం లోపలికి లాక్కుపోదు. ఇది మీరు తిన్నదాని వల్లా, చేసిన పని వల్లా, మానేసిన పని వల్లా రాలేదు. చాలామంది పిల్లల్లో కుటుంబంలో ఎవరికీ లేకుండానే ఒక్కరికే వస్తుంది, తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం కూడా చాలా తక్కువ. మీ ఇంట్లోవాళ్లకు ఈ పేరా ఒక్కటి చదివి వినిపించండి. మీరు చెబితే వినకపోయినా, డాక్టర్ చెప్పారంటే వింటారు.

తిరుపతిలో పుట్టువెంట్రుకలు నిరభ్యంతరంగా తీయించండి, ముక్కు మీది తిత్తికి దానితో ఇబ్బంది లేదు. మొక్కు కోసం స్కాన్‌ను మాత్రం వాయిదా వేయకండి, ఏది ముందు కుదిరితే అది కానివ్వండి. తల మీద ఇలాంటి తిత్తులు ఉంటే జుట్టు కింద దాగి, చాలా ఇళ్లలో గుండు చేయించిన రోజునే బయటపడతాయి. కాబట్టి గుండుకు ముందు ఒక పని చేయండి. బాబు తలంతా పాయలు తీసి చూసి, ఎక్కడైనా చిన్న బొడిపె చుట్టూ మిగతా జుట్టు కంటే నల్లగా, ముతకగా ఉన్న వెంట్రుకలు వలయంలా మొలిచాయేమో గమనించండి. అలాంటి వలయం కనిపిస్తే గుండు అప్పుడే వద్దు, ఫొటో తీసి డాక్టర్‌కు చూపించండి. ఏమీ లేకపోతే గుండు అయ్యాక, స్నానం చేయించి తుడిచేటప్పుడు, మాడు మీదా, వెనకతల మధ్యలోనూ వేళ్లతో మెల్లగా తడిమి చూడండి, వీపు మధ్యగీత వెంట పిరుదుల చీలికకు పైన ఏదైనా రంధ్రం ఉందేమో కూడా చూడండి. అలాంటిదేదైనా కనిపించి, ఎమ్మారై ఇంకా తీయించకపోతే ఆ సంగతి స్కాన్‌కు ముందే చెప్పండి, అదే మత్తులో ఆ చోటు కూడా చూసేస్తారు, బాబుకు రెండోసారి మత్తు ఇవ్వవలసిన పని తప్పుతుంది.